కాలిన ప్లగ్గు

పడగ్గది గోడకున్న ప్లగ్గు పాయింటు నల్లగా మాడిపోయింది. కొత్త ఏసీ పిన్నులు లావుగా ఉండి పట్టకపోతే, మధ్యలో కన్వర్టర్ తగిలించి, సెల్‌ఫోను ఛార్జింగు పెట్టుకునే చిన్న పాయింటులోనే గుచ్చేశాడు అతను. "అన్నయ్య వచ్చేదాకా ఆగుదామండీ" అని భార్య అంటే, "ఇంతమాత్రానికి మీ అన్నయ్య దేనికి?" అని కొట్టిపారేశాడు.

ఎలక్ట్రీషియన్ అయిన ఆ అన్నయ్య ఇప్పుడు కరిగిపోయిన కన్వర్టర్‌ని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరు పెట్టారిది?"

అతను నోరు తెరిచేలోగా ఆమె అందుకుంది. "నేనే అన్నయ్యా. ఉక్కకి ఆగలేక తొందరపడ్డాను."

"బుద్ధుందా నీకు? ఏసీకి బోర్డు నుంచి విడిగా మందపాటి వైరు లాగి, పదహారు ఆంపుల సాకెట్ పెట్టాలి. ఇల్లు తగలబడి ఉండేది!"

ఆమె తల వంచుకుంది. నిజం అతని నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి మాత్రం ఇంకో మాట వచ్చింది.

"నేనూ చెప్పాను బావా. వింటేగా!"

ఆమె అతని వంక ఒక్కసారి చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రానికి కొత్త సాకెట్ అమరింది, గది చల్లబడింది. బావ గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే, "ఇకమీదట జాగ్రత్తగా ఉండమని చెబుతాలే" అన్నాడతను.

బావ గొంతు తగ్గించాడు.

"చెల్లికి చిన్నప్పటి నుంచీ కరెంటంటే దడ బావా. బల్బు కూడా మార్చదు. ఇందాక నేను తిట్టింది దాన్ని కాదు."

అతను తలెత్తేసరికి బావ మెట్లు దిగిపోయాడు.