ఎనిమిది లైన్ల టేపు

మరిత్సా నది ఒడ్డున మా ఎమర్జెన్సీ ఫోన్ల ఆఫీసు. ఆ రాత్రి నేలమాళిగలో టేపు తిరుగుతూ ఉంటే నా రక్తం మరిగిపోతోంది. టేపులు ఆదా చెయ్యాలని మా మేనేజరు హ్రిస్తోఫర్ ఎనిమిది లైన్ల మాటలనూ ముక్కలు ముక్కలుగా ఒకే టేపులో కలిపి నింపించాడు. కాల్స్ విడివిడిగా ఉండే అసలు డిస్కు పాడైంది. ఇప్పుడు టేపులోంచి ఒక్క కాల్ ముక్కలన్నీ ఏరి అతకాలంటే టేపంతా తిరగాల్సిందే.

ఆ కాల్ త్స్వెతెలీనా అనే పిల్లది. మొన్న రాత్రి చేస్తే మావాళ్లెవరూ ఎత్తలేదు, మెషినే రికార్డు చేసుకుంది. అప్పటినుంచి పిల్ల కనిపించడం లేదు.

"టేపులేమన్నా చెట్లకు కాస్తున్నాయా? పొద్దున్నకి ఆ కాల్ బయటికొస్తుందిలేరా," అన్నాడు హ్రిస్తోఫర్ ఫోనులో.

"ఈలోగా పిల్లకేమన్నా అయితే నువ్వు చెప్తావా వాళ్లమ్మకి? ఇక్కడే కూర్చుంది!" అని అరిచి పెట్టేశాను.

ఆమె నా వెనక కుర్చీలో ఉంది. పిల్ల తల్లినని చెప్పుకుంటూ వచ్చింది. ఏడవలేదు. ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు.

"ఏమనుకోకమ్మా, ఆలస్యమవుతోంది," అన్నాను.

"తొందరేం లేదు బాబూ."

ఆమె మీదా కోపం వచ్చింది. బిడ్డ కనిపించకపోతే ఏ తల్లయినా అలా అంటుందా?

చివరి ముక్క అతుక్కుంది. టేపు ఆగింది. గదిలో మరే చప్పుడూ లేదు. మీట నొక్కాను.

"తొందరగా రండి! తలుపు బయట ఎవరో మా అమ్మ గొంతుతో పిలుస్తున్నారు. మా అమ్మ పోయి రెండేళ్లయింది..."

వెనక కుర్చీ కిర్రుమంది.

"తొందరేం లేదని చెప్పానుగా బాబూ."