బదులు బంతి

నిజామాబాద్ బేస్‌బాల్ మైదానంలో అంపైర్లు పోయి యంత్రం వచ్చి పదేళ్లయింది. బంతి విసిరే అమ్మాయి మనసులో కసి ఉంటే ముంజేతి పట్టీ ఎర్రబడుతుంది, ఆ ఏడాదంతా ఆమె ఆటకు దూరమవుతుంది. అయినా పాత కట్టుబాటు పోలేదు. మన అమ్మాయికి బంతి తగిలితే వాళ్ల అమ్మాయికీ తగలాలి.

ఆ మధ్యాహ్నం అవతలి జట్టు అమ్మాయి చేయి జారి విసిరిన బంతి వకుళ జట్టులో ఒకమ్మాయి భుజానికి తగిలింది. బదులు తీర్చాల్సింది బంతి విసిరే వకుళే. ఎదుట అవతలి జట్టు తరఫున బ్యాటు పట్టుకుని నిలబడింది, హాస్టల్లో నాలుగేళ్లు ఆమెతో ఒకే గదిలో ఉన్న ఇందుమతి.

“యంత్రం అన్నీ చూస్తది గద మేడం, ఇంకా గిదెందుకు?” అని కోచ్ సుగుణను అడిగింది వకుళ.

“అప్పట్ల అంపైర్ కండ్లుగప్పి కావాలనే కొట్టేటోళ్లు. మనల్ని మనమే కాపాడుకోవాలని గిది మొదలైంది. ఇయ్యాల నువ్వు ఊకుంటే రేపు నీ ఎనక ఎవరుండరు బిడ్డా” అంది సుగుణ.

వకుళ బంతి చేతిలోకి తీసుకుంది. ఇందుమతి ఆమె కళ్లలోకి చూసి, మెల్లగా వీపు తిప్పి నిలబడింది. దెబ్బ తగలకూడదన్న ఒకే ఆలోచనతో వకుళ బంతిని మెత్తగా వదిలింది. అది ఇందుమతి చొక్కాను రాసుకుంటూ పోయింది.

పట్టీ ఎర్రబడలేదు. బంతి తగిలింది కనుక ఆట నియమం ప్రకారం పరుగులో మొదటి మజిలీ అయిన మొదటి బేస్‌కు వెళ్లమని యంత్రం ఇందుమతికి చెప్పింది. బదులు తీరిందన్నట్టు సుగుణ తల ఊపింది. వకుళ గుండెల మీది బరువు దిగిపోయింది.

“మా వంతొచ్చినప్పుడు మేం గూడ గిట్లనే ఏస్తమే” అంది ఇందుమతి పోతూ పోతూ.

ఆ మాట ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. ఆ ఏడాది మరే భుజమూ కమిలిపోలేదు.