మొదటి గుప్పెడు

సంచి మూతి విప్పి, మొదటి గుప్పెడు మిరియాలు తీసి, వరహాలరావు కొండ వైపు విసిరాడు. ఆ తర్వాతే కాటా ముట్టుకున్నాడు.

"ఆ గుప్పెడే నా పీక మీదకొచ్చింది బాబాయ్," అంది జాయ్స్. ఒళ్లో ల్యాప్‌టాప్‌తో పక్క బస్తా మీద కూర్చుంది.

జాయ్స్‌ది గుమ్మలక్ష్మీపురం. ఏజెన్సీ సంతల ఆచారాల మీద పీహెచ్‌డీ చేస్తూ, డుంబ్రిగుడ సంత పక్కనే ఉన్న వరహాలరావు మేడ మీద గదిలో అద్దెకుంటోంది.

"ఏటయింది మళ్లీ?"

"గైడ్ మేడమ్ చాప్టర్ ఆపేశారు. మొదటి గుప్పెడు కొండకి ఇచ్చే ఆచారం ఉందని అందరూ రాశారు గానీ, మొట్టమొదట చూసిందెవరో చూపించమన్నారు. సాయంత్రంలోగా చూపించకపోతే చాప్టర్ తీసెయ్యాలట. అది పోతే ఈ ఏడు థీసిస్ లేదు, ఫెలోషిప్పూ లేదు."

వరహాలరావు ఏ మాటనైనా కాటాలో వేసి చూసే మనిషి. ఆ చాప్టర్ పోతే జాయ్స్‌కే కాదు, తనకూ నష్టమే. అతని మిరియాల ప్యాకెట్ల పేరే 'కొండ గుప్పెడు'. పేరు కింద 'తరతరాల ఆచారం' అని అచ్చు వేయించాడు. టూరిస్టులు ఆ ముక్క చదివే కొంటారు. దానికి యూనివర్సిటీ ముద్ర కూడా పడితే ఇక ఎదురుండదు.

"సూపించడానికేటుంది? అటు సూడు." ఎదుటి దుకాణంలో పోలయ్య కూడా బస్తా విప్పి ఓ గుప్పెడు కొండ వైపు విసిరాడు. "సంతంతా సేత్తన్నదే."

"సరే, మీకెవరు చెప్పారు?"

"ఒకలు సెప్పాలేటి? పుస్తకాల్లో ఉంది. సదువుకున్నోళ్లు రాసినారు."

అతని భార్య రాజులమ్మ టీ గ్లాసులు పట్టుకొచ్చింది. "సంతరోజల్లా కొండకి ఇసిరీగల్డు గానీ, ఇంట్లో సారులోకి నాలుగు గింజలు అడిగితే ఈయన మొహం సూడాలి! వానొచ్చీలాగుంది, బేగి టార్పాలిన్ కప్పండి. తడి తగిల్తే బూజెక్కీస్తాది."

"నాకు సెప్పీదానివా? బూజు గింజ కొనీవోడి కంట పడిందంటే ఆడు మళ్లీ ఈ గుమ్మం తొక్కడు." వరహాలరావు లేచి, అతుకుల మీద అతుకులు పడ్డ ఆకుపచ్చ టార్పాలిన్ బస్తాల మీదికి లాగాడు. వచ్చి జాయ్స్ పక్కన కూర్చున్నాడు. "ఏదీ, నీ సరుకు సూపించు."

"ఇది నా గోడౌన్ అనుకోండి. నెట్‌లోనే ఉంటుంది. దొరికిన ప్రతి వ్యాసాన్నీ ఇందులో వేస్తాను. రాసినవాళ్ల పేరు, సంవత్సరం, పేజీ అదే నింపుకుంటుంది. నేను వాక్యం రాసి ఒక్క నొక్కు నొక్కితే ఆధారం కింద చేరిపోతుంది. చివర్లో పట్టికంతా అదే కట్టిపెడుతుంది. మేడమ్ కూడా ఇదే లైబ్రరీ చూస్తారు."

"పనంతా అదే సేత్తే మరి నీకేటి బాధ?"

"ఎవరు రాశారో చెబుతుంది బాబాయ్. రాసింది నిజమో కాదో చెప్పదు."

వరహాలరావు నవ్వాడు. "నా యాపారం ఇద్దె సెప్తాను, ఇను. సరుకు తెచ్చినోడిని ఎవులి కాడ కొన్నావని అడుగు. ఆ కొన్నోడిని మళ్లీ అడుగు. ఎనక్కి ఎనక్కి ఎల్తే సెట్టు కాడికి సేరతావు."

"వెళ్లాను. ఈ కొత్త వ్యాసం ఈ పుస్తకాన్ని చూపిస్తోంది. పుస్తకం ఈ సెమినార్ పేపర్ని చూపిస్తోంది. ఆ పేపరు ఒక పాత పత్రికని చూపిస్తోంది. ఆ పత్రికది పేరే దొరికింది, కాపీ లేదు. విశాఖలో లైబ్రరీలో పనిచేసే అనురాధ స్కాన్ చేసి పంపుతానంది."

టీ చల్లారింది. వాన మొదలైంది. ఇద్దరూ సిగ్నల్ గీతల వైపే చూస్తూ కూర్చున్నారు. చివరికి ల్యాప్‌టాప్ టింగుమంది. జాయ్స్ ఫైలు తెరిచి లైబ్రరీలో చేర్చి, గబగబా పేజీలు తిప్పి ఒకచోట ఆగింది.

"వినండి. 'వానకు డుంబ్రిగుడ సంతలో ఒక ఆకుపచ్చ టార్పాలిన్ కింద తలదాచుకున్నాను. అక్కడి యువ వర్తకుడు సంచి విప్పి, మొదటి గుప్పెడు మిరియాలు తీసి చూసి, కొండ వైపు విసరడం నా కళ్లతో చూశాను. ఎందుకని అడిగాను. అతను క్షణం తడబడి, మొదటి గుప్పెడు కొండదేనని భక్తితో చెప్పాడు.' కళ్లతో చూశారట బాబాయ్!"

రాజులమ్మ గ్లాసులు తీస్తూ ఆగిపోయింది. "ఆకుపచ్చ టార్పాలినా? నేను కాపరానికొచ్చిన కాణ్నించీ అది ఈయనదే గదే అమ్మా!"

జాయ్స్ చటుక్కున తలెత్తింది. "ఆ కుర్రాడు మీరేనా? మరి చెప్పరేం!"

"ఏనాటి మాటో. గేపకముంటాదేటి?"

"చెట్టుని పక్కన పెట్టుకుని ఊరంతా తిరిగాను!" జాయ్స్ మొహం వెలిగిపోయింది. "మీ పేరు కూడా రాస్తాను. చాప్టర్ నిలబడినట్టే. పంపించెయ్యనా? నొక్కితే మేడమ్‌కి చేరిపోతుంది."

వరహాలరావు ఎదురుగా పేర్చిన ప్యాకెట్లు చూశాడు. జాయ్స్ మొహం చూశాడు. వానలో మసకబారిన కొండ కూడా చూశాడు. లెక్క తేలిపోయింది.

"నొక్కీ అమ్మా," అన్నాడు నిబ్బరంగా.

జాయ్స్ నొక్కింది.

ఏళ్ల కిందట ఆ పత్రికలో రాసినాయన చూసిన రోజు అతను విసిరినవి బూజు పట్టిన మిరియాలు.