పంపని ఉత్తరానికి జవాబు

అడిగినవాడికి బదులివ్వని కొట్టుకి గిరాకీ నిలవదని తాళాల వ్యాపారి నమ్మకం. ఆ బదుళ్ళ పని తేలిక చేద్దామని మేనకోడలు కొట్టు సాఫ్ట్‌వేర్‌లోనే ఈమెయిల్ అమర్చింది. ఒక్క మీట నొక్కితే ఉత్తరం పోతుంది, వచ్చినది టింగుమంటూ అక్కడే కనబడుతుంది. రేపటి నుంచి ఆర్డర్లన్నీ దాని మీదే.

రాత్రి షట్టర్ సగం దించి, పనిచేస్తుందో లేదో చూద్దామని లేని ఈమెయిల్ చిరునామా ఒకటి కల్పించి, "మీ తాళం ఎక్కడికి పంపాలి?" అని రాసి మీట నొక్కాడు.

టింగుమని జవాబు వచ్చింది. "మీ గోదాముకే. ఈసారి లోపలి నుంచి వేసుకునేది పంపండి."

మేనకోడలికి ఫోన్ చేశాడు.

"వేళాకోళమా మావయ్యా? పంపే భాగం ఇంకా కలపనే లేదు, పొద్దున వచ్చి కలుపుదామనుకున్నా. నువ్వు రాసింది ఆ కంప్యూటర్ గడప దాటదు."

"మరి జవాబెవరిచ్చారే?"

"పొద్దున చూద్దాంలే. ఇంటికెళ్ళు."

వెనక గోదాములో అతని సరుకంతా ఉంది. దాని తాళంచెవి ఒక్కటే, అది తన జేబులోనే ఉంది. వెళ్ళిపోవచ్చు. కానీ అడిగినవాడెవడో తెలుసుకోకుండా కొట్టు కట్టేయడం అతనికి చేతకాదు. "మీరు తలుపుకి ఏ వైపున్నారు?" అని రాసి నొక్కాడు.

తెర మీద ఏమీ రాలేదు. గోదాము తలుపు అవతల మాత్రం, ఉత్తరం అందినట్టు, టింగుమని మోగింది.