హెల్మెట్‌లోంచి వచ్చిన గొంతు

ఒకే బండితో ఒకే మనిషిని గుద్దింది నేనేనని ఇద్దరు ఒకేసారి నేరం ఒప్పుకున్నారు. వాళ్లకి పెళ్లయి నెల రోజులు కూడా కాలేదు.

"నేనే నడిపాను సార్," అన్నాడు భర్త.

"ఆయన మాట నమ్మకండి సార్. నడిపింది నేను," అంది భార్య.

ఎస్సై పెన్ను మూత పెట్టేశాడు. నేరం నాది కాదంటే నాది కాదని కొట్టుకున్నవాళ్లని ఆయన చాలామందిని చూశాడు. నాదంటే నాదని కొట్టుకోవడం ఇదే మొదలు.

ఆ పొద్దున ఒక దర్జీ ఫోన్ చూసుకుంటూ రోడ్డు దాటుతుంటే వీళ్ల మోటారుసైకిల్ తగిలి కిందపడ్డాడు. మణికట్టు విరిగింది. బండి నడిపిన శాల్తీ దిగివచ్చి, హెల్మెట్ తియ్యకుండానే అతన్ని నోరారా తిట్టి, దారిన పోయే ఆటో ఆపి ఆసుపత్రికి ఎక్కించి, ఆటో మలుపు తిరిగేదాకా తిడుతూనే ఉందట. చెయ్యి నొప్పి తగ్గింది గానీ చెవుల్లో హోరు తగ్గలేదని దర్జీ ఫిర్యాదు. ఒంటినిండా జర్కిన్, చేతులకి గ్లౌజులు, బిందెలో తల పెట్టి అరిచినట్టు గొంతు. ఆడో మగో కూడా చెప్పలేకపోయాడు. బండి నంబరు మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

భర్త డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. కేసు పడి లైసెన్సు పోతే ఉద్యోగమూ పోతుంది. అందుకే భార్య నేరాన్ని తన నెత్తిన వేసుకుంది. ఆమెకున్నది లెర్నర్ లైసెన్సు. ఒంటరిగా నడిపిందని తేలితే ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తుంది, ఆమె కోర్టు చుట్టూ తిరగాలి. అందుకే భర్త తన నెత్తిన వేసుకున్నాడు. పొద్దున స్టేషన్ నుంచి కబురు రాగానే ఇద్దరూ విడివిడిగా బండి దగ్గరికి వెళ్లి ఇంజన్ ముట్టుకుని చూశారు. ఇద్దరికీ చెయ్యి చురుక్కుమంది. ఎదుటివాళ్లే నడిపి ఉంటారని ఇద్దరూ నిశ్చయించుకుని, అడిగితే బాధపడతారని అడగకుండా ఊరుకున్నారు.

బల్ల చివర అత్తగారు టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దున నడకకి వెళ్లొచ్చి, పిల్లలు ఏమీ తినకుండా వచ్చేశారని వెనకాలే వచ్చింది. ఆమె గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. మొన్న కోడలు పాలు మొత్తం పొయ్యి మీద పొంగించేస్తే, "పోనీలే తల్లీ, పొయ్యి కూడా కాసిని తాగనీ," అంది. ఆ మాట కోడలు పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పుకుని మురిసిపోయింది.

ఎస్సైకి ఉన్న ఆధారం గొంతొక్కటే. కాబట్టి ఆ హెల్మెట్టే పెట్టుకుని ఇద్దరూ వంతులవారీగా దర్జీని తిట్టాలన్నాడు.

ముందు భర్త పెట్టుకున్నాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"చూడండి, అటూ ఇటూ చూసి దాటాలి కదండీ. ఇంతకీ రాత్రికి నిద్ర పడుతుందంటారా ఆ చేత్తో?"

దర్జీ మొహం చిట్లించాడు. "ఇవి తిట్లా సార్? మా ఇంట్లో కూడా నన్నింత మర్యాదగా ఎవరూ పలకరించరు."

తరవాత భార్య. ఏయ్ అని మొదలుపెట్టింది గానీ, అద్దంలోంచి భర్త ఆదుర్దా మొహం కనబడి కిసుక్కున నవ్వేసింది. ఆ నవ్వు హెల్మెట్లో సుళ్లు తిరిగి ఇంకా నవ్వొచ్చింది. దర్జీ అడ్డంగా తల ఊపాడు.

అయితే ఆ సమయంలో ఎక్కడ ఏడ్చారని ఎస్సై బల్ల గుద్దాడు. అప్పుడు బయటపడింది. భర్త రోజూ మెట్లెక్కుతూ ఈల వేస్తాడు. తిరిగి ఈల వేసి ఆయన్ని ఆశ్చర్యపరచాలని ఆమె కింద ఇంటావిడ దగ్గర రహస్యంగా నేర్చుకుంటోంది. ఆయనేమో ఆమెకి తెలియకుండా కిటికీలో పెట్టడానికి గులాబీ మొక్క కోసం నర్సరీకి నడిచి వెళ్లాడు.

"అయితే మీరు కాదా?" అంది ఆమె.

"అయితే నువ్వు కాదా?" అన్నాడు అతను. స్టేషనన్న సంగతి మరిచిపోయి ఇద్దరూ చేతులు పట్టుకున్నారు.

ఎస్సై కరగలేదు. నడిపిందెవరో చెప్పాల్సిన బాధ్యత బండి యజమానిదేనని, చెప్పలేకపోతే కేసు అతని మీదే కడతానని భర్తతో అన్నాడు. పెన్ను మూత మళ్లీ తీశాడు. భార్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఆ హెల్మెట్ ఒకసారి ఇటిస్తావా తల్లీ," అంది అత్తగారు.

తలకి తగిలించుకుని, చూడకుండానే ఒక్క చేత్తో బకిల్ టక్కున పెట్టేసింది. దర్జీ ముందు నిలబడి నడుం మీద చేతులు వేసుకుంది.

"ఏరా అప్రాచ్యపు వెధవా, కళ్లు ఫోన్లో పెట్టి కాళ్లు రోడ్డు మీద పెడతావా? ఇది రోడ్డనుకున్నావా, మీ అత్తారింటి వసారా అనుకున్నావా? నిన్ను కొలిచి కుట్టినప్పుడు తల దగ్గరికొచ్చేసరికి గుడ్డ చాల్లేదుట్రా?"

కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఎస్సై తనకి తెలియకుండానే లేచి నిలబడ్డాడు. దర్జీ కట్టు చెయ్యి ఎత్తి పట్టుకుని బీరువా వెనక్కి దూరాడు.

"ఈ గొంతే సార్," అని అక్కడినుంచే చెప్పాడు.

అత్తగారు సంచిలోంచి లైసెన్సు తీసి బల్ల మీద పెట్టింది. కొడుకు పుట్టకముందు తీసుకున్నది, గడువు దాటకుండా రెన్యువల్ చేయించుకుంటూ వస్తున్నది. దెబ్బ తగిలించడం తన తప్పేనని, ఏ శిక్ష వేసినా పడతానని చెప్పింది.

కోడలు నోరు తెరుచుకుని చూస్తోంది. "అత్తయ్యా, మరి మీ నడక?"

అత్తగారు హెల్మెట్ తీసి, చెదిరిన ముడి సర్దుకుని, ఎప్పటిలాగే వెన్నలాంటి గొంతుతో అంది.

"ఏం చెయ్యను తల్లీ, రోజూ పొద్దున్నే బండి మీద ఊరంతా తిరిగి, తిట్టాల్సినవాళ్లందర్నీ తిట్టేసి వస్తేగానీ, ఇంట్లో ఇంత మెత్తగా ఉండడం నావల్ల కాదు."