అవిఘ్నమస్తు

"మళ్ళీ పోయిందా?" నరసింహంగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

పోయింది. తెర నల్లగా మాడిపోయిన మొహం పెట్టింది. చిట్టిబాబు నెత్తి కొట్టుకుని బటన్ నొక్కాడు. పదకొండేళ్ళ ల్యాప్‌టాప్ మూలుగుతూ మళ్ళీ మొదటికొచ్చింది. రోజుకోసారి మొరాయించడం దానికి అలవాటే గాని, అరగంటలో నాలుగుసార్లు ఎప్పుడూ లేదు.

"పదకొండున్నర దాటితే వర్జ్యం. రేపు అమావాస్య, ఎల్లుండి నించి ఆషాఢం. ఈలోగా మొదటి శుభలేఖ అచ్చయి నా చేతిలో పడాలయ్యా. లేకపోతే వేరే సంబంధం చూసుకుంటామని మగపెళ్ళివారు ఖరాఖండిగా చెప్పేశారు."

"ఒక్క ఐదు నిమిషాలండీ."

"అరగంట నుంచీ నీ ఐదు నిమిషాలే చూస్తున్నాను!"

ఆదివారం. బందరు కోనేరు సెంటర్లో ఆ పూట తెరిచిన డీటీపీ షాపు అదొక్కటే. అందులో ఉన్న కంప్యూటరూ అదొక్కటే. ఆ పాత తెలుగు ఫాంట్లు కొత్తవాటిలో ఎక్కవు గనక, బ్యాటరీ చచ్చి రెండేళ్ళయినా దాన్ని కరెంటు మీదే బతికించుకుంటూ వస్తున్నాడు చిట్టిబాబు.

పెళ్ళికూతురు సుప్రజ గుమ్మం బయట చెప్పులు విడిచొచ్చి, బల్లకి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. చిత్తు కాగితం చూసి చదివిపెడుతోంది. ఓపికంటే ఆ పిల్లదే. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

"శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు," అంది ఐదోసారి.

చిట్టిబాబు వేళ్ళు పరిగెత్తాయి.

"మా ఏకైక కుమార్తె చి.ల.సౌ. సుప్రజను... చిరంజీవి ఫణికుమార్‌కి..."

టప్పున ఆరిపోయింది.

"సేవ్ చేశారా అన్నయ్యా?" అంది సుప్రజ ఆదుర్దాగా.

"చెయ్యనిస్తేగా అమ్మా!"

"అల్లుడి పేరు దగ్గరే ఎందుకాగుతోందయ్యా?" నరసింహంగారి కళ్ళు చిన్నవయ్యాయి.

"ఫాంటులో 'ఫ' దెబ్బతిన్నట్టుందండీ."

"ఆ ముక్క నేను వియ్యంకుడికి చెప్పాలా? పేరు మార్చుకోమనాలా?"

చిట్టిబాబుకి ఒళ్ళు మండింది. ల్యాప్‌టాప్‌ని బోర్లా తిప్పి స్క్రూలు ఊడదీశాడు. బ్రష్‌తో లోపలి ఫ్యాను దుమ్ము దులిపాడు. ర్యామ్ పీకి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాడు. ఛార్జరు మార్చాడు. చివరికి మూల ఉన్న టేబుల్ ఫ్యాను తెచ్చి దాని వెనకాల పెట్టాడు. ఆ ఫ్యాను రొదకి పక్కవాడి మాట కూడా సరిగ్గా వినపడటం లేదు.

పదకొండూ ఇరవై.

"డీఎస్సీ రాస్తాను, ఉద్యోగం వచ్చాకే పెళ్ళంటూ ఇప్పటికే ఓ సంబంధం తన్నేసింది," నరసింహంగారు కూతురి వంక చూడకుండానే అరిచారు. "ఇదీ పోతే ఇక నలుగురిలో తలెత్తుకు తిరగలేను చిట్టిబాబూ!"

సుప్రజ కాగితం సరిచేసుకుని, "మొదట్నించీ చదవనా అన్నయ్యా?" అంది.

శ్రీరస్తు అయింది. శుభమస్తు అయింది. అవిఘ్నమస్తూ అయింది. చిట్టిబాబు ఊపిరి బిగబట్టి 'చిరంజీవి' దాకా వచ్చాడు. 'ఫ' మీద వేలు పెట్టాడు.

ఆరిపోయింది.

"దీని దుంప తెగ!" ల్యాప్‌టాప్ వీపు మీద ఒక్కటిచ్చాడు. లోపల అన్నీ చూశాడు, ఛార్జరూ మార్చాడు. ఇక చూడాల్సింది బల్ల కింద నేల మీదున్న స్విచ్‌బాక్సే. సెల్‌ఫోన్ లైటు వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కిందికి వంగాడు.

వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఏమిటయ్యా? వైరు కాలిందా?"

చిట్టిబాబు మెల్లగా లేచాడు. మోకాళ్ళు దులుపుకున్నాడు. గోడ గడియారం కేసి చూశాడు. పదకొండూ ఇరవై ఆరు. సుప్రజ కేసి చూశాడు. ఆ పిల్ల కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుని, అతని మొహంలోకే చూస్తోంది.

"నోరు విప్పి చెప్పవయ్యా బాబూ!"

"మదర్‌బోర్డు పోయిందండీ," అన్నాడు చిట్టిబాబు. "ఇవాళ కాదు గదా, శ్రావణం దాకా లేవదు."

నరసింహంగారు తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు.

బల్ల కింద, పట్టీ పెట్టుకున్న కాలి బొటనవేలొకటి ఎర్ర స్విచ్చి మీంచి మెల్లగా పక్కకి జరిగింది.