దొరస్వామి గ్లౌజు

బాక్సింగు ఛాంపియన్ దొరస్వామి ధర్మవరంలో మా పట్టుచీరల అంగడి మెట్లెక్కుతాడని నేను కలలో కూడా అనుకోలేదు. అది 1962. ఆయన పోటీలు మానేసి పదేళ్లయినా బెంగుళూరులో ఆ పేరు ఇంకా మోగుతూనే ఉంది. అక్కడే బాక్సింగు ఆడుతున్న నా కొడుకు చెన్నకేశవులు ఆయన్నూ, ఆయన భార్యనూ వెంటబెట్టుకొచ్చాడు. ఆమెది హిందూపురమే.

వాడి కోసం ఆయన తన పాత గ్లౌజు మీద సంతకం చేశాడు. భార్య చెయ్యి పట్టి మెల్లగా రాయించింది. ఆ అన్యోన్యం చూసి నా కడుపు నిండిపోయింది.

"ఇంగ మావోడూ మీ అంతటోడయితాడు సామీ," అన్నాను.

ఆయన ఊరికే నవ్వాడు.

వచ్చే నెలలోనే వాడి పెళ్లి. పెళ్లిచీరకు ముత్తైదువతో పసుపు పెట్టించి, దీవెన అడగడం మా వాడుక. ఇంతకంటే అదృష్టవంతురాలు ఎక్కడ దొరుకుతుంది? చీర తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"నా కోడలు నీ మాదిరే బతకాలని దీవించు తల్లీ."

పసుపు అద్దుకున్న వేలు ఆమె వెనక్కి తీసుకుంది.

"నా మాదిరి వద్దు పెద్దాయనా. తలకు తగిలిన దెబ్బలకు ఈయన పొద్దున లేస్తానే నన్ను 'నువ్వెవురమ్మా' అని అడుగుతాడు."

గ్లౌజు అందుకోబోతున్న నా కొడుకు చెయ్యిని ఆమె గట్టిగా పట్టుకుంది.

"ఈ వణుకు ఎప్పట్నుంచి ఉండాది నాయనా?"

నాకు వినబడదనుకుని వాడు గొంతు తగ్గించాడు.

"మా నాయనకు చెప్పొద్దమ్మా."